లింక్ కలిపితే సరిపోదు
పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్‌ని (కంపెనీ ప్రాజెక్టులన్నీ ఒకేచోట చూపించేది) జిరాకి (టీమ్‌లు తమ పనుల్ని నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) కలిపేస్తే మేనేజ్‌మెంట్‌కి అసలు పరిస్థితి ఎప్పటికప్పుడు తెలిసిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. రేణిగుంట దగ్గర మా ప్లాంటులో కొత్త లైన్ పనికి ఇలాగే కలిపారు. మెషీన్ లారీ దిగి షెడ్డులోకి వస్తే చాలు, జిరాలో ఆ పని టికెట్‌ని ‘డన్’లో (అయిపోయినట్టు) పెట్టేసేవాళ్లు. కరెంటు కనెక్షన్, ట్రయల్ రన్ ఇంకా మొదలే కాలేదు, పోర్ట్‌ఫోలియోలో మాత్రం పచ్చ రంగు, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే! అది చూసి మనుషుల్ని తర్వాతి ప్రాజెక్టుకి మార్చేశారు. ఆ టెన్షనంతా సైట్‌లో మిగిలినవాళ్ల మీద పడింది. ఏ స్టేటస్ ఎప్పుడు పెట్టాలో ముందే జిరా వాడేవాళ్లూ, పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లూ కూర్చుని తేల్చుకోవాలి. తేదీలు, ఖర్చులు ఏ సిస్టమ్‌లో మార్చాలో కూడా. రెండు చోట్లా మార్చనిస్తే ఒకరు పెట్టింది ఇంకొకరిది చెరిపేయొచ్చు. ఇప్పుడు మా దగ్గర ట్రయల్ రన్ రిపోర్టు జత చేస్తే తప్ప టికెట్ మూసే వీల్లేదు.