‘అంతే’ గారికి ఒక బాధితుడి లేఖ

మహారాజశ్రీ ‘అంతే’ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. పని వచ్చిన ప్రతివాడి నాలిక చివరా కులాసాగా కాపురం ఉంటున్నారు. క్షేమం లేనిది మాకే, నేర్చుకునేవాళ్లకి.

మన తొలి పరిచయం కారులో. నేను స్టీరింగ్ ముందు, డ్రైవింగ్ మాస్టారు పక్క సీట్లో. "క్లచ్ మెల్లగా వదులు, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వు. అంతే!" అన్నారాయన. మెల్లగా అంటే ఎంత మెల్లగా? కొంచెం అంటే ఎంత? అడిగేలోపే బండి కప్పలా ఓ గెంతు గెంతి ఆగిపోయింది. వెనక హారన్లు. "ఏముందయ్యా అందులో, వదలడమేగా" అని ఆయన మళ్లీ మిమ్మల్నే పిలిచారు. ఆ పూట పదకొండుసార్లు ఆగింది. క్లచ్ పైకి వస్తూంటే ఒకచోట ఇంజన్ గొంతు మారుతుందనీ, బండి సన్నగా వణుకుతుందనీ, అక్కడ పాదం ఓ క్షణం ఆపాలనీ చెప్పింది మా తమ్ముడు. వాడు నేర్చుకుని నాలుగు నెలలే అయింది, ఇంకా మీకు చిక్కలేదు. మాస్టారికి ఆ సంగతి తెలియదా అంటే, ఆయన పాదానికి భేషుగ్గా తెలుసు. నోటికే గుర్తులేదు. పాతికేళ్ల కిందట గుర్తుండే ఉంటుంది, తర్వాత ఆ వాటాలో మీరు దిగారు.

సైకిల్ దగ్గరైతే మీ పనితనం మరీ చూడముచ్చట. వేగంగా పోతూ కుడికి తిరగాలంటే ముందు హ్యాండిల్ ఓ పిసరు ఎడమకి కదలాలి, అప్పుడే బండి కుడికి ఒరుగుతుంది. రోజూ తొక్కేవాళ్లంతా చేసేది ఇదే. అడిగి చూడండి. "కుడికి తిప్పితే కుడికి పోతుంది, అంతే" అంటారు, నిండు మనసుతో.

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు మీ మీద నిఘా పెట్టిన సంగతి మీ చెవిన పడే ఉంటుంది. అందరికీ తెలిసిన పాటల దరువు బల్ల మీద వేళ్లతో కొట్టమని కొందరికి చెప్పారు, అది ఏ పాటో పట్టుకోమని ఇంకొందరికి. సగమైనా పట్టేస్తారని కొట్టినవాళ్ల ధీమా. 120 సార్లు కొడితే పట్టుకున్నవి 3. కొట్టేవాడి బుర్రలో వాయిద్యాలతో సహా పాట మోగిపోతోంది మరి. ఎదుటివాడికి అందేది ఉత్త టకటక. మా క్లాసుల్లో చాలా వాటికి అంతకన్నా మంచి పేరు నాకు తట్టడం లేదు. అంతకు ముందు ఏడాదే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఈ జబ్బు గురించి రాస్తూ దాన్ని ‘జ్ఞానశాపం’ అన్నారు. జ్ఞానం వాళ్లది, శాపం తగిలేది మాకు. పంపకం బాగుంది.

మీ బంధువర్గం గురించి రాయబోతే కాగితం చాలదు. ‘సింపుల్’ గారు, ‘ఏముంది’ గారు, లెక్కల పుస్తకాల్లో మాటువేసి ఉండే ‘స్పష్టమే కదా’ గారు. అందరినీ అడిగానని చెప్పండి.

ఇన్ని అన్నాక నా గుట్టు దాచడం మర్యాద కాదు. మొన్న అమ్మకి ఫోన్లో ఫొటో పంపడం నేర్పాను. "ఇక్కడ నొక్కు, ఫొటో ఎంచుకో, బాణం గుర్తు మీద నొక్కు..." తర్వాత నా నోట్లోంచి దర్జాగా దిగారు మీరు. అమ్మ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"నొక్కడమంటే తాకి వదిలెయ్యాలా, పట్టుకుని ఉండాలా?"

ఎక్కడ తాకుతానో, ఎక్కడ నొక్కి పట్టుకుంటానో నా వేలినే అడిగాను. అది పెదవి విప్పలేదు. పదేళ్లుగా వాడుతున్న ఫోను, ఒక్క ముక్క చెప్పలేకపోయాను. చివరికి ఫోను తీసేసుకుని ఫొటో నేనే పంపేశాను.

"అంతేనా?" అంది అమ్మ.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ బాధితుడు, మొన్నటి నుంచి మీ ఏజెంటు కూడా