పాన్స్ సారూ, ఆ ఊకెనే వేసిన ముప్పై మార్కుల సంగతేంది?

నమస్తే సారూ,

నల్గొండ జిల్లా దేవరకొండ దిక్కుకెల్లి రాస్తున్న. నువ్వంటె మనిషి గాదు, స్కిజోఫ్రెనియా అనే మనసు రోగం ఎంతుందో డాక్టర్లు మార్కులేసి కొలిచే కాగితానివి, మార్కులు ఎక్కువుంటె రోగం ఎక్కువన్నట్టు. నన్ను గుర్తువట్టవు గని మా అన్నను 30 ముక్కలు చేసి ముక్కకో మార్కు వేసినవ్ గద, ఆయన తమ్ముణ్ణి. మా అమ్మకు నీ పేరు నోరు తిరగక "ప్యాంట్సు టెస్టు" అంటది, వాడకట్టోళ్లేమో మేం నెలకోసారి టైలర్ కాడికి పోతున్నమనుకుంటున్నరు.

నువ్వు చిన్నోడివేం కాదు, నాకు ఎర్కనే. 1987ల స్టాన్లీ కే, ఫిస్బైన్, ఓప్లర్ అనేటోళ్లు నిన్ను తయారు చేసిన్రు, అప్పటిసంది స్కిజోఫ్రెనియాకు కొత్త గోలీ ఏదొచ్చినా ఎక్కువగ నీ ముంగటనే చేతులు కట్టుకొని నిలవడుడు. అనుమానాలు, లేని మాటలు ఇనవడుడు అసొంటియి 7, ముడుచుకొని మూలకు కూసునుడు అసొంటియి 7, మిగిలినయన్ని కలిపి 16, ఒక్కోదానికి 1 నుంచి 7 దాంక. నాకు మండేది ఈడనే. ఏమీ లేకున్నా 1 వేస్తవ్! అంటె ఏ రోగం లేని మా సర్పంచ్‌కు గూడ నీ దగ్గర 30 రాసివెట్టి ఉంటయి. మా అన్నకు మొదాలు 90 వచ్చినయి, మూడు నెలల్ల 60కి దిగినయి, థీసిస్ రాసుకునే చిన్న డాక్టర్ మూడోవంతు తగ్గిందని మురిసిపోయిండు. వడ్లు జోకేటోడు గూడ సంచి బరువు తీసేసి లెక్కవెడ్తడు సారూ. ఆ ఊకెనే వేసిన 30 తీస్తే 60 ఉన్నది 30కి వచ్చింది, సగం తగ్గినట్టు గద.

ఇగ ఆ సామెత ముచ్చట. మనిషి లోతుగ ఆలోచిస్తుండా లేదా అని చూసేందుకు సామెతకు అర్థం అడగమంటవ్ నువ్వు. డాక్టర్ "ఆడలేక మద్దెల ఓడు అంటె ఏంది" అన్నడు. మా అన్న చిన్నప్పటిసంది డప్పు కొట్టినోడు, జరసేపు ఆలోచించి "వానకు తోలు మెత్తవడ్డదేమో సార్, మంట కాడ కాగవెడితె మంచిగ మోగుతది" అన్నడు. టక్కున మార్కు ఎక్కింది. తప్పంటావా? ఆయన చెప్పింది పనికొచ్చే ముచ్చటే, ఆ కుర్చీల కూసున్నోళ్లల్ల డప్పు కాగవెట్టుడు తెల్సినోడు ఆయనొక్కడే.

మొహంల నవ్వు లేదని ఇంకో మార్కు. హాలోపెరిడాల్ అసొంటి పాత గోలీలు మొహాన్ని, చేతులను బిర్రుగ చేస్తయని డాక్టర్లే చెప్తరు, అది రోగమా గోలీయా అని తేల్చుడు పెద్ద పెద్దోళ్లకే కష్టమంట, నువ్వు మాత్రం రెంటినీ ఒకటే డబ్బాల ఏస్తవ్. పైంగ అన్నీ కూడుడు! చెవుల మాటలు ఆగినయి గని మంచం దిగనోడికి 60, మాటలు ఇనవడుతనే ఉన్నా పొద్దుగాల కూలికి పొయ్యేటోడికి గూడ 60. ఇంట్ల ఉండేటోళ్లకు వాళ్లిద్దరు ఒకటేనా?

మా తప్పు గూడ ఉంది, దాస్తలేను. నువ్వు పోయిన వారం సంగతి అడుగుతవ్, మా అమ్మ దసరాకాడికెల్లి మొదలువెడ్తది. నలుగుర్ల కలుస్తడా అంటె, చెల్లెకు సంబంధం చూస్తున్నమని "అందరితోని మంచిగనే ఉంటడు సారూ" అంటది. గది రాసుకొని నువ్వు మార్కు తగ్గిస్తవ్.

అట్లని నిన్ను తీసి అవుతల పారెయ్యమంటలేను. నువ్వు లేకుంటె ఒక డాక్టర్ "జర నయం" అంటడు, ఇంకో డాక్టర్ "మస్తు నయం" అంటడు, ఏ గోలీ మంచిదో ఎవలు తేలుస్తరు.

వచ్చే నెల మళ్ల రమ్మన్నరు. మా అమ్మ ఇప్పటిసందే అన్నను ముంగట కూసోవెట్టుకొని "చాతగానోడు సామాను మీద నెపం వెడ్తడు అని చెప్పాలె బిడ్డా" అని బట్టీ పట్టిస్తున్నది. ఆయన కండ్లు మూసుకొని అప్పజెప్తున్నడు. ఈసారి గా మార్కు తగ్గుతది, రాసిపెట్టుకో.

ఇట్లు,
నీ కాగితం మీద "వెంట వచ్చినవారు"