బూడిదరంగు వచ్చిందంటే హైబ్రిడ్ వచ్చినట్టేనా?

నానో ప్రాజెక్టులు చేసే విద్యార్థుల మధ్య ఓ చిట్కా తెగ తిరుగుతోంది: "కార్బన్ నానోట్యూబులు, టైటానియం డయాక్సైడ్ పొడి నీళ్లలో వేసి అరగంట సోనికేట్ చేసి (అతిధ్వనితో చెదరగొట్టి) ఆరబెడితే హైబ్రిడ్ (ట్యూబుకు ఆక్సైడ్ అంటుకున్న పదార్థం) రెడీ. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) ట్యూబు పీక్ లేదంటే పూత బాగా పట్టినట్టే. ట్యూబులు పెంచేకొద్దీ పని పెరుగుతుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు పోయిందా, ఫోటోకెటలిస్ట్ (వెలుతురుతో చర్యను వేగం చేసే పదార్థం) పనిచేసినట్టే."

మొదటిది. అలా వచ్చే బూడిదరంగు పొడి ఉత్త మిశ్రమం. ట్యూబు గోడకు నీళ్లంటే గిట్టదు, ఆక్సైడ్ అంటుకోవడానికి దాని మీద ఆసరా ఉండదు. ఆ ఆసరా ఆమ్లంతో వస్తుంది: 100 మి.గ్రా. ట్యూబులకు గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు 3:1లో 40 మి.లీ., 70 డిగ్రీల దగ్గర 4 గంటలు, ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి లాగే అరలో). చల్లారాక ఆమ్లాన్నే ఐసు నీళ్లలోకి కొద్దికొద్దిగా పోయాలి (తిరగేసి పోస్తే చిమ్ముతుంది), పీహెచ్ తటస్థమయ్యేదాకా కడగాలి. గంటలు పెంచితే ట్యూబులు ముక్కలై వాహకత తగ్గుతుంది.

తర్వాత 50 మి.గ్రా. ట్యూబులను తేమలేని ఇథనాల్‌లో చెదరగొట్టి, 3.7 మి.లీ. టైటానియం ఐసోప్రొపాక్సైడ్ చుక్కచుక్కగా వేయాలి. పూర్తిగా మారితే దాన్నుంచి సుమారు 1 గ్రాము ఆక్సైడ్ వస్తుంది, అంటే ట్యూబులు 5 శాతానికి కాస్త తక్కువ. దాన్ని ఆక్సైడ్‌గా మార్చే నీళ్లు కూడా ఇథనాల్‌లో కలిపి చుక్కలుగానే వేయాలి. ఒక్కసారి గుమ్మరిస్తే ఆక్సైడ్ ట్యూబును వదిలేసి ద్రవంలోనే తెల్లటి ఉండలు కడుతుంది. బీకరు అడుగున అవి కనిపిస్తే ఆ బ్యాచ్ పోయినట్టే. ఆరాక ఆర్గాన్ వాయువులో 450 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చాలి. గాలిలో కాలిస్తే ట్యూబులకే ముప్పు.

ఎక్స్‌ఆర్‌డీ మాటకొస్తే, రాగి ఎక్స్ కిరణాలతో అనటేజ్ (ఈ ఆక్సైడ్ స్ఫటిక రూపం) ప్రధాన పీక్ 25.3 డిగ్రీల కోణం దగ్గర, ట్యూబుది 26 దగ్గర. పెద్దదాని నీడలో చిన్నది మునిగిపోతుంది, అంతే. పూత ఉన్నా, లేకున్నా చిత్రం అదే. రామన్‌లో (లేజర్ వెలుతురు చెదరడాన్ని కొలిచే పరీక్ష) అనటేజ్ 144, ట్యూబులు 1350, 1580 సెం.మీ.⁻¹ దగ్గర విడివిడిగా దొరుకుతాయి. అయినా రెండూ ఉన్నాయనే అది చెబుతుంది. అంటుకున్నాయో లేదో టెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) చూడాల్సిందే. టెమ్ గ్రిడ్ (నమూనా పెట్టే చిన్న జాలీ) మీద చుక్క వేసేముందు నమూనాను మళ్లీ సోనికేట్ చేయండి: పట్టులేని కణాలు రాలి, నున్నటి ట్యూబులు బయటపడతాయి.

ట్యూబులు పెంచితే? ఒక హద్దు దాటాక అవే వెలుతురును మింగి ఆక్సైడ్‌కు అందనివ్వవు.

రంగు పోవడం అన్నిటికన్నా మోసం. ఆమ్లం తగిలిన ట్యూబు మీద రుణావేశం, మిథిలీన్ బ్లూ మీద ధనావేశం. దీపం వెలిగించకుండానే రంగు అతుక్కుపోతుంది. అందుకే ముందు చీకట్లో కలుపుతూ, 664 నానోమీటర్ల దగ్గర శోషణ తగ్గడం ఆగేదాకా 10 నిమిషాలకోసారి కొలవాలి. లెక్క అక్కణ్నుంచి మొదలు. చిట్కా ప్రకారం కలిపిన పొడిని పారేయొద్దు. అవే పాళ్లు, అంతే బరువు తీసుకుని కంట్రోల్‌గా పక్కన నడపండి. హైబ్రిడ్ దాన్ని దాటలేకపోతే ఆమ్లంతో పడ్డ పాట్లన్నీ వృథా.