పాలపిట్టా, నక్కతోకా: అదృష్ట శాఖ ఎవరికివ్వాలి?

వచ్చే దసరాలోపు ఈ విషయం తేల్చేయాలండీ. మన దగ్గర అదృష్టం సప్లై చేసే జీవాలు రెండు, పాలపిట్టని చూస్తే చాలు, నక్కదైతే తోక తొక్కాలి. ఒకే శాఖకి ఇద్దరు మంత్రులు, ఇదేం పరిపాలన?

పాలపిట్ట బయోడేటా గట్టిదే. అజ్ఞాతవాసం ముగించుకొస్తున్న పాండవులకి ఎదురొచ్చిందంటారు, తెలంగాణ వచ్చాక 2014లో రాష్ట్ర పక్షి పోస్టు, కర్ణాటకలోనూ ఒడిశాలోనూ అదే హోదా. ఆంధ్రాలో మాత్రం 2018లో ఆ కుర్చీ రామచిలుకకి పోయింది, రాజకీయాలు మనకెందుకులెండి. డ్యూటీ అంటే కరెంటు తీగ మీద కూర్చోడం, మిడత కనబడితే దిగడం, నోట్లో వేసుకుని మళ్లీ తీగెక్కడం. కూర్చున్నప్పుడు చాలామటుకు మట్టిరంగులోనే ఉంటుంది, అసలు సరుకంతా రెక్కల్లో, విప్పిందంటే ఆ నీలం చూడాలి!

అందుకే కాబోలు మనవాళ్లు దసరా రోజు ఆ రెక్కలకి దారం కట్టి, పంజరంలో పెట్టి గల్లీగల్లీ తిప్పుతారు. గుడ్డ తీస్తే లోపల పిట్ట బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, మనం దణ్ణం పెట్టి సెల్ఫీ దిగి నోటు చేతిలో పెట్టి, జమ్మి ఆకు జేబులో వేసుకుని శుభం జరిగిందని ఇంటికెళ్తాం. దాన్ని పట్టుకోడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే, పండగ పూట చట్టం ఎవడు చదువుతాడు?

ఇక నక్క సంగతి. రాత్రంతా పొలాల్లో ఎలుకల్ని పడుతుంది, చచ్చిన గొడ్డుని శుభ్రం చేస్తుంది, రేగుపళ్లు దొరికితే అవీ వదలదు. ఇంత చాకిరీకి మనమిచ్చిన బిరుదులేంటంటే నక్కజిత్తులు, దొంగ వినయం. ఎవడికైనా ప్రమోషన్ వస్తే మాత్రం టక్కున దాని తోక గుర్తొస్తుంది, ఆ తోక నిజంగా తొక్కినోడు ఎక్కడైనా ఉన్నాడా, తొక్కేదాకా అది ఆగుతుందా? తోక దొరక్క విసుగొచ్చినవాళ్లు వెంట్రుకల ముద్దొకటి నక్కకొమ్మని కొనుక్కుని బీరువాలో దాచుకుంటారు. నక్కకి కొమ్ములుండవు మహాప్రభో!

కాబట్టి నా తీర్పు, శాఖ మొత్తం నక్కకే ఇచ్చేయండి, కనీసం పరిగెత్తడం వచ్చు. పాలపిట్టకి విజయదశమి నాడు సెలవు మంజూరు చేయండి, పండగ పూట సెలవు దొరకనిది పోలీసుల తర్వాత దానికే.