తుద్నేకా తుద్నాకా: ఒక హంగేరియన్ క్రియ మీద పంచాయితీ

తమ్ముడిది వరంగల్, హంగేరీలో సెగెద్ అనే ఊళ్ళో చదువుతున్నాడు. అక్కది బెజవాడ, బుడాపెస్ట్‌లో ఆరేళ్ళుగా ఉద్యోగం. చుట్టాలేం కాదు, పరాయి దేశంలో కలిసిన వరస. గొడవ "తుద్" అనే క్రియ గురించి, తెలియడానికీ చేతనవడానికీ అక్కడ అదే మాట. దాన్నే "వీలైతే చేసేవాణ్ణి" అన్నట్టు మార్చి చెప్పాలంటే ఎలా అనేది సమస్య.

తమ్ముడు: అక్కా, క్లాసుల నేను "తుద్నాక్" అన్న, సారు ఆపి "తుద్నేక్" అనాలె అన్నడు. మా ఓనరమ్మ రోజూ తుద్నాక్ అనే అంటది, ఆమె పుట్టి పెరిగిందే ఈడ, ఆమెకు హంగేరియన్ రాదంటవా?

అక్క: ఎందుకు రాదు, వచ్చు. కాకపోతే దానికి నాకొలాష్ అని పేరు పెట్టి మరీ వెక్కిరిస్తారు చదువుకున్నవాళ్ళు. నీకు రూలు చెప్పాగా.

తమ్ముడు: రూలు చెప్పినవ్ కాబట్టే అడుగుతున్న. మాటల ఉ, ఒ, ఆ ఉంటే వెనక తగిలేది నా, ఎ ఉంటే నే. నువ్వు అంటే తుద్నాల్, మనం అంటే తుద్నాంక్, అంతా ఆ రూలు మీదనే పోతున్నది, "నేను" కాడికి రాంగనే తుద్నేక్ ఎట్లయింది? రూలు తప్పింది వాళ్ళు, తిట్లు మా ఓనరమ్మకు.

అక్క: నాక్ సీటు ముందే వేరేవాళ్ళది రా. తుద్నాక్ అంటే "వాళ్ళకి అది తెలిసుండేది" అని. ఊరికే ఏదో ఒకదాని గురించి చెప్తే ఒక రూపం, ఫలానా అదే అని తేల్చి చెప్తే ఇంకో రూపం, మనకి లేని తలనొప్పి ఇది, నాకే రెండేళ్ళు పట్టింది అలవాటవడానికి. నువ్వూ నాక్ అంటే నువ్వెవరో వాళ్ళెవరో తెలిసేదెలా?

తమ్ముడు: మరి సెరెత్నేక్? షాపుల కాఫీ కావాలంటే మర్యాదగ అనేది అదే, "వాళ్ళకు అది కావాలె" అన్నా అదే, ఒక్క అక్షరం తేడా లేదు. ఎవరన్న కన్ఫ్యూజ్ అయి వేరేవాళ్ళకు కాఫీ ఇచ్చిన్రా?

అక్క: ...సరే, ఆ పాయింట్ నీదే, ఒప్పుకుంటా.

తమ్ముడు: ఇంకోటి, మా సెగెద్ పాతోళ్ళు మనిషిని "ఎంబెర్" అనరు, పెదాలు సున్నలాగ చుట్టి ఆ రెండో ఎ ని వేరేగ పలుకుతరు. దాన్ని ఊరి గొప్ప అని చెప్పుకుంటరు. నాక్ అంటే మాత్రం మొరటు. ఒకటి ముద్దు, ఇంకోటి మొరటు, ఎవరు చెప్పిన్రు?

అక్క: అది యాస రా, ఇది వ్యాకరణం...

తమ్ముడు: నేను "పోయిన", "వచ్చిన" అంటే మీ బెజవాడోళ్ళు అదే మాట అన్నరు గదా. వ్యాకరణం తప్పంట. మా అమ్మమ్మ కాడికెల్లి వచ్చిన మాటను సినిమాల రౌడీకీ కమెడియన్‌కే పెట్టిన్రు ఎన్నేళ్ళో.

అక్క: (కాసేపు మాట్లాడలేదు) అన్నారు. నేనూ నవ్వాను ఒకప్పుడు, అబద్ధం చెప్పను. కానీ నీ మాట నీది, ఓనరమ్మ నాక్ ఆవిడ ఊరిది, ఆవిడకి అది ఇల్లు. నువ్వు ఆఫీసుకి మెయిల్ రాస్తే అదే నాక్ వాళ్ళకి యాసలా కనపడదు, రాక రాసిన తప్పులా కనపడుతుంది. వాళ్ళని మారుద్దువు గానీ ముందు ఇక్కడ ఉండే పర్మిట్ రానీ.

తమ్ముడు: ఆమె వంటింట్లనే నేర్చుకున్న, నాది గాకుంట ఎట్ల పోతది? పైంగ నాక్ అంటే నాకు అన్నట్టే వినిపిస్తది, మంచిగ గుర్తుంటది.

అక్క: అలాగైతే నేక్‌లో నే ఉంది, నేను అని గుర్తుపెట్టుకో, పరీక్షకి పనికొస్తుంది.

తమ్ముడు: ఇది మంచిగుంది, నాకెందుకు తట్టలే.

అక్క: ఇంతకీ శనివారం ఫ్రెండ్‌ని ఇంటికి తేవచ్చా అని ఓనరమ్మకి మెసేజ్ పెట్టాలన్నావ్, ఏం రాస్తున్నావ్? తుద్నాకా తుద్నేకా?

తమ్ముడు: సెరెత్నేక్ అని మొదలుపెట్టిన. అండ్ల అందరిదీ ఒకటే.