ఆరు నెలలు నిండని దగ్గు

సూక్ష్మజీవుల చదువు గురించి మనవాళ్లెవరూ సరిగా పట్టించుకోలేదు. కంటికి ఆనవు కాబట్టి అక్షరం ముక్క రాదనుకుంటాం. వలస నిబంధనలు ఓసారి తిరగేస్తే ఆ అపోహ పోతుంది.

క్షయ క్రిమినే తీసుకోండి. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండటానికి వెళ్లేవాళ్లు, అక్కడి ప్రభుత్వం వేసిన జాబితాలోని దేశాల నుంచి వస్తుంటే, క్షయ లేదని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆరు నెలల లోపు చూసి పోయేవాళ్లకు అక్కర్లేదు. దీన్నిబట్టి క్రిమి ముందుగా మన పాస్‌పోర్టు తెరిచి వీసా ఎన్నాళ్లకిచ్చారో చూసుకుంటుందని తేలుతోంది. చుట్టపుచూపుకైతే మర్యాద తప్పడం ఎందుకని ఊపిరితిత్తుల్లో ఓ మూల ముడుచుకు పడుకుంటుంది. ఆరు నెలలు నిండిన మర్నాడు లేచి ఒళ్లు విరుచుకుంటుంది.

దానికి భూగోళం కూడా వచ్చు. జాబితాలో లేని దేశంలో కనీసం ఆరు నెలలు కాపురముండి, అక్కణ్నుంచి వచ్చి ఆరు నెలలు దాటకపోతే పరీక్ష అక్కర్లేదు. ఆ ఆరు నెలల్లో క్రిమి అక్కడి సంస్కారం వంటబట్టించుకుంటుంది కాబోలు. 1882లో రాబర్ట్ కోక్ దాన్ని పట్టుకున్నప్పుడు ఆకారం చూశాడు గానీ ఈ గుణగణాలు చూడలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన దగ్గర సూక్ష్మదర్శిని ఉంది గానీ వీసా నిబంధనల పుస్తకం లేదు.

క్రిములకు ఈ తరగతి భేదం నిన్న మొన్న అబ్బింది కాదు. 1892లో న్యూయార్క్ రేవులో, వలసవచ్చేవాళ్లను తనిఖీ చేయడానికి ఎల్లిస్ దీవి తెరిచారు. ఓడలో మొదటి, రెండో తరగతి టికెట్టు కొన్నవాళ్లను మామూలుగా ఓడలోనే ఓసారి చూసి ఒడ్డుకు పంపేసేవారు. కింది అంతస్తులో కుక్కుకుని వచ్చిన జనం మాత్రం దీవికి వెళ్లాల్సిందే. మూటలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కుంటుతున్నారు అని డాక్టర్లు కనిపెట్టి చూసేవారు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం గీసేవారు. గుండెకు హెచ్, కంటికి ఇ, కాలికి ఎల్, మతి మీద అనుమానమైతే ఎక్స్. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమోనని రెప్పను కొక్కెంతో తిరగేసేవారు. ఆ కొక్కెం బూట్ల గుండీలు పెట్టుకునేది. కొందరు గడసరులు కోటు తిప్పి తొడుక్కుని దాటేశారని చెబుతారు. కోటు తిప్పగానే గుండెజబ్బు కుదిరిన సందర్భం వైద్యచరిత్రలో బహుశా అదొక్కటే.

ఇప్పుడు సుద్దముక్క లేదు, వీసా పరీక్షల కోసం ఆ దేశాలు ఎంచుకున్న పానెల్ డాక్టరున్నాడు. ఆయన మనకు డాక్టరు కాడు. ఫీజు మనమిస్తాం, ఆయన జవాబు చెప్పేది మనం వెళ్లబోయే దేశానికి. వైద్యం చేయడు. ఏమైనా బయటపడితే "ఓసారి డాక్టరుకు చూపించుకోండి" అంటాడు, అక్కడికి తాను వడ్రంగి అయినట్టు.

నా మెడికల్స్ రోజున బీపీ 148 చూపించింది. కాసేపు కూర్చోమన్నారు. రెండోసారి 156. "కంగారు పడకండి, దీనివల్ల వీసా ఏమీ ఆగిపోదు" అంది నర్సు. నాకు "వీసా", "ఆగిపో" అన్నంతవరకే వినిపించింది. మూడోసారి 164.

అదైనా నయమే. ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. ఎప్పుడో చిన్నప్పుడు న్యుమోనియా వచ్చి పోతూ పోతూ వదిలిన గుర్తు కావచ్చునట. కావచ్చును అనే మాట వీసా శాస్త్రంలో లేదు. వరసగా మూడు రోజులు పొద్దున్నే వచ్చి కఫం ఇవ్వమన్నారు. గాలి బాగా ఆడే గదిలో నిలబెట్టి, చేతికి మూతున్న చిన్న డబ్బా ఇచ్చి, "ఉమ్మి వద్దండీ, గళ్ల కావాలి. లోపల్నుంచి రావాలి" అన్నాడు సహాయకుడు. లోపల ఉంటే కదా రావడానికి! పావుగంట దగ్గాను. నటన అని నాకే తెలిసిపోతోంది. నా తరవాత వెళ్లిన పెద్దాయన రెండు నిమిషాల్లో పని ముగించుకుని, డబ్బా మూత బిగించి, విజేతలా బయటికి వచ్చాడు. ఇంకొకరి రొమ్ముపడిశం చూసి ఈర్ష్యపడటం నా జీవితంలో అదే మొదలు. చివరికి ఉప్పునీటి ఆవిరి పట్టించి దగ్గు తెప్పించారు. నాకు దగ్గు లేదని రుజువు కావాలంటే ముందు దగ్గు రావాలి మరి.

ఆ కఫాన్ని ఎనిమిది వారాలు పెంచి చూస్తారు. క్షయ క్రిమి ఒకటి రెండు కావడానికే 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది, ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదిలినట్టు. వలస శాఖలకు ఇంతకన్నా నచ్చే జీవి సృష్టిలో ఇంకోటి ఉండదు. విత్తనమే లేని కుండీకి రెండు నెలలు కాపలా కాసి, "ఏమీ మొలవలేదు" అని రాసిచ్చారు.

రాసిచ్చిన దానికీ గడువుంది. కెనడాలో పరీక్ష ఫలితం ఏడాది చెల్లుతుంది, బ్రిటన్ క్షయ సర్టిఫికెట్ ఆరు నెలలు. దరఖాస్తు నానబెట్టేది వాళ్లు, మురిగిపోయేది మన ఊపిరితిత్తులు. అమెరికాలో గ్రీన్‌కార్డుకు ఐ-693 అనే వైద్యపరీక్ష ఫారం ఉంది, దానిమీద అక్కడి వలస శాఖ గుర్తించిన డాక్టరు సంతకం చేస్తాడు, ఆయన్ని సివిల్ సర్జన్ అంటారు. సీలు వేసిన కవరులో పెట్టి ఇస్తారు. మన రక్తం, మన ఊపిరితిత్తులు, కవరు మాత్రం మనం తెరవకూడదు. తెరిస్తే చెల్లదు. 2023 నవంబరు 1 నుంచి సంతకమైన ఫారాలకు ఇక గడువే లేదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. చిరంజీవత్వం వచ్చిందని సంబరపడేలోపు, 2025 జూన్‌లో ఆ వరం వెనక్కి తీసుకున్నారు. ఏ దరఖాస్తుతో ఇచ్చారో అది నడుస్తున్నంత కాలమే ఆ ఆరోగ్యం. దేవతలు కూడా ఇచ్చిన వరాన్ని పద్నాలుగు నెలల్లో మార్చుకోలేదు.

గల్ఫ్ పద్ధతిలో ఈ డొంకతిరుగుడు లేదు. ఫిట్, అన్‌ఫిట్, రెండే మాటలు. పాత క్షయ మచ్చకు కూడా అన్‌ఫిట్ ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడినవాడు మర్నాడు ఉన్నచోట పొద్దున్నే పనికి పోతాడు. అక్కడికి మాత్రం పనికిరాడు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు 1987 నుంచి తలుపు మూసిన అమెరికా 2010 జనవరి 4న తెరిచింది. ఆ రోజు వైరస్‌లో ఏ మార్పూ రాలేదు, కాగితంలో వచ్చింది. ఇది మాత్రం వ్యంగ్యం కాదు.

క్రిమి పేరు ముందు పెట్టుకుంటారు గానీ ఈ దేశాల అసలు భయం బిల్లు గురించి. ఫలానా మనిషి ఆరోగ్యానికి, సంరక్షణకు ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో ఆస్ట్రేలియా ముందే లెక్కగడుతుంది. ఆ హద్దు 51,000 ఆస్ట్రేలియా డాలర్లుండేది, 2024 జులైలో 86,000కు పెంచారు. అంటే 85,999 డాలర్ల జబ్బు జబ్బే కాదు. చాలా వీసాల్లో ఇంట్లో ఒక్కరు ఈ పరీక్షలో తప్పితే ఇంటిల్లిపాదీ తప్పినట్టే. వాళ్ల రోగులను కనిపెట్టుకుని ఉండటానికి మన నర్సు కావాలి. ఆ నర్సు కొడుకుకు మాత్రం ఎవరూ కనిపెట్టుకుని ఉండాల్సిన అవసరం రాకూడదు. ఏ ఎక్స్‌రేలో ఏ మచ్చ చూసి ఈ నియమం రాశారో గానీ, దానికి రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఎలాగైతేనేం, నా మచ్చ మచ్చేనని తేలింది, వీసా వచ్చింది, విమానమెక్కాను. మూడు పొద్దుల కఫం, ఎనిమిది వారాల నిరీక్షణ, అన్నీ కలిపి ఒక ఫోల్డర్‌లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ వరసలో నా అంత నిష్కళంకమైన ఊపిరితిత్తులు ఇంకెవరికీ లేవని ఒకింత గర్వంగానే ఉంది. పక్క సీటాయన దగ్గాడు. రుమాలు తీసేలోపు మళ్లీ దగ్గాడు. లోపల్నుంచి వచ్చే దగ్గు, సహాయకుడు చూస్తే ముచ్చటపడేది. నేను కాస్త పక్కకు ఒరిగి, ఎన్నాళ్లుంటారండీ అక్కడ అని అడిగాను.

"టూరిస్టు వీసా అండీ. ఐదు నెలల ఇరవై ఎనిమిది రోజులు" అన్నాడు.

హమ్మయ్య అనుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.