పట్టపగలే చుక్కలు

టెలిస్కోపు కొంటానని మా బావగారు అడిగినప్పుడు అక్క వద్దంది. కొని ఉంటే డబ్బు ఒక్కటే పోయేది. వద్దనేసరికి ఆయన ఉచితంగా దొరికేవాటి మీద పడ్డారు, ఉచితానికి హద్దేముంటుంది, ఆ రాత్రే స్టెల్లేరియం డౌన్‌లోడ్ చేసి ఆఫీసు లాప్‌టాప్‌లో ఎక్కించేశారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబియన్ షెరో అనే ప్రోగ్రామర్ 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఇది, మనమున్న ఊరి నుంచి ఆ వేళకు ఆకాశం ఎలా ఉంటుందో తెర మీద చూపిస్తుంది. తెరిస్తే కింద పచ్చిక, చెట్లు, పైన ఆకాశం. ఎక్కించగానే 6 లక్షలకు పైగా నక్షత్రాలు వస్తాయి, అవి చాలనివాళ్లు అదనపు కేటలాగులు దించుకుంటే లెక్క 17 కోట్లు దాటుతుంది. మా బావగారికి మొదటి గంటలోనే చాలలేదు. నిజానికి ఎంత చిమ్మచీకటిలో చూసినా మామూలు కంటికి ఆనే నక్షత్రాలు ఆకాశం మొత్తం మీద 9 వేల దాకా ఉంటాయి, అందులో సగం ఎప్పుడూ నేల కిందే. వీధి దీపాల మధ్య ఉన్న మా డాబా మీద నుంచైతే ఓపికున్నవాడు కూర్చుని లెక్కపెట్టేయొచ్చు. మరి ఆ మిగతా 17 కోట్లతో ఏం పని బావా అంటే, "ఉండనీవోయ్, పడుంటాయి" అన్నారు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే నన్ను పిలిచి తెర చూపించారు. నిండా నక్షత్రాలు. నడినెత్తిన స్వాతి, కాస్త అవతల చిత్ర, తూర్పున తలెత్తుతున్న వృశ్చికం. "చూశావా దీని గొప్పతనం! పట్టపగలే చుక్కలు చూపిస్తోంది" అన్నారు మురిసిపోతూ. పగలు సూర్యుడు కనపడాలి కదా బావా అని నేను నసిగితే, పగటి వెలుగు మనుషులకు అడ్డం గానీ సాఫ్ట్‌వేర్‌కు అడ్డమా అని తీసిపారేశారు. ఆ మాట ఎంత ధీమాగా అన్నారంటే నాకూ నిజమే కాబోలు అనిపించింది. సాయంత్రానికి స్వాతి మీద, చిత్ర మీద చిన్న ప్రసంగం కూడా తయారుచేసుకున్నారు. కంఠతా వచ్చేదాకా అక్కకు అప్పజెప్పారు. అక్క బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టింది.

రాత్రి 8 గంటలకు బిల్డింగ్ మొత్తం డాబా మీద ఉంది. పై వాటా పిన్నిగారు, కింది వాటాలో రిటైరైన లెక్కల మాస్టారు, వాళ్లింటికి వచ్చిన చుట్టాలు, పిల్లలు, మా మేనల్లుడు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి, స్టూలు వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టారు. అందరి కళ్లూ చీకటికి అలవాటు పడాలి, దానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోన్లు జేబులో పెట్టుకోండి అని బావగారు హెచ్చరించారు. ఆ హెచ్చరిక సరైనదే. అది చెప్పి వెంటనే లాప్‌టాప్ మూత పూర్తి వెలుగుతో తెరిచారు, అందరూ కళ్లు మూసుకున్నారు. ఈ ఇబ్బంది లేకుండా తెరంతా ఎర్రగా మారే నైట్ మోడ్ ఉంటుంది, కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే వస్తుంది, ఎరుపు కంటిని అంతగా పాడుచెయ్యదు. బావగారు ఇంకా అక్కడిదాకా చదవలేదు.

కళ్లు తెరిచి చూస్తే తెర మీద నీలాకాశం, ఎండ, ధగధగలాడుతూ సూర్యుడు.

"రాత్రి ఎనిమిదింటికి సూర్యుడేంటి నాన్నా?" అన్నాడు మేనల్లుడు.

"అది వాతావరణం రా. తీసేస్తే పోతుంది."

ఆ మాట కూడా సగం నిజమే. స్టెల్లేరియంలో 'ఎ' మీట నొక్కితే వాతావరణం మాయమై, సూర్యుడున్నా సరే నల్లటి ఆకాశంలో నక్షత్రాలు కనిపిస్తాయి. కాకపోతే బావగారు కంగారులో 'జి' నొక్కారు. అది నేలను తీసేసే మీట. పచ్చిక పోయింది, చెట్లు పోయాయి, కాళ్ల కింద కూడా ఆకాశమే. "అయ్యో, నేల ఏదీ?" అంటూ పిన్నిగారు నిజంగానే కిందికి చూసుకున్నారు. మళ్లీ నొక్కి నేల తెచ్చారు, ఈసారి సరైన మీట వెతికి గాలి తీసేశారు. నక్షత్రాలైతే వచ్చాయి గానీ సూర్యుడు ఎక్కడికీ పోలేదు, చుక్కల మధ్య గుండ్రంగా కూర్చునే ఉన్నాడు. పైగా కంఠతా పట్టిన స్వాతీ లేదు, చిత్రా లేదు, వాటి స్థానంలో ఎవరూ పిలవని శ్రవణం ఉంది. డాబా మీద ఆకాశంలో చూస్తే నడిమధ్యన మృగశిర, దాని వెనకాలే లుబ్ధకుడు, అదే సిరియస్, మెరిసిపోతున్నారు. చలికాలం చివర్లో ఆ వేళకు ఉండాల్సింది వాళ్లే. తెరకూ ఆకాశానికీ ఒక్క చుక్క కలవడం లేదు.

అప్పుడు బావగారి కన్ను తెర అడుగున ఉన్న గడియారం మీద పడింది. ఉదయం తొమ్మిదిన్నర అని ఉంది. "అదీ సంగతి! దీని గడియారం తప్పు" అని ఎఫ్5 నొక్కి, 20 గంటలని టైపు చేశారు. సూర్యుడు మునిగాడు. మృగశిర వచ్చింది, లుబ్ధకుడు వచ్చాడు, కృత్తికలు, రోహిణి అన్నీ వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఒప్పుకోవద్దూ.

ఇక్కడితో ఆపి ఉంటే అందరం సంతోషంగా పడుకునేవాళ్లం. కానీ పిన్నిగారు దక్షిణం వైపు వేలు చూపించి, "ఆ కింద అంత కాంతిగా ఉంది, అదేం నక్షత్రం బాబూ?" అని అడిగారు.

బావగారు తెరను దక్షిణానికి తిప్పి చూశారు. అక్కడ ఏమీ లేదు.

"అది నక్షత్రం కాదండీ, విమానం."

"కదలడం లేదే?"

"దూరంగా ఉంది కదా, అలాగే ఉంటుంది."

ఐదు నిమిషాల తర్వాత కూడా కదలలేదు. విమానం కాస్తా డ్రోన్ అయింది, డ్రోన్ టవర్ లైటు అయింది. పక్కనే పిట్టగోడకు ఆనుకుని, అప్పటిదాకా నోరు మెదపని మాస్టారు నెమ్మదిగా, "అగస్త్యుడండీ అది. ఆకాశం మొత్తం మీద లుబ్ధకుడి తర్వాత అంత కాంతి గలది అదే. 310 కాంతి సంవత్సరాల దూరం" అన్నారు. బావగారు ఒప్పుకోలేదు. ఎఫ్3 నొక్కి అగస్త్యుడి ఇంగ్లీషు పేరు కనోపస్ అని వెతికారు, వివరాల్లో ఎత్తు దగ్గర మైనస్ గుర్తు చూపించారు. "చూడండి మాస్టారూ, సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు కింద. అంటే నేల కింద ఉన్నాడు. ఉదయించని నక్షత్రం మీకెలా కనపడుతుందండీ?"

అంత మంది కళ్ల ముందు వెలుగుతున్న నక్షత్రాన్ని పట్టుకుని అన్న మాట అది. ఒకరిద్దరు అనుమానంగా మళ్లీ దక్షిణానికి చూశారు. అక్కడే ఉన్నాడు. తెరను ఒకసారి నమ్మాక మనిషి తన కళ్లను ఎంత సులువుగా వదిలేసుకుంటాడో ఆ రాత్రి చూశాను, ఎందుకంటే చుట్టాల్లో ఒకాయన, "ఏమో, టవర్ లైటే అయి ఉంటుంది లెండి" అన్నాడు.

మాస్టారు వాదించలేదు. ఉత్తరం వైపు తిరిగి, అప్పుడే పైకి వస్తున్న సప్తర్షుల్లో ముందున్న పులహుడినీ క్రతువునూ కలుపుతూ గీత గీసినట్టు వేలు జరిపి, ధ్రువ నక్షత్రం పట్టుకున్నారు. తర్వాత చెయ్యి బారుగా చాచి, నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చడం మొదలుపెట్టారు. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు ఉంటుంది, దీనికి డౌన్‌లోడ్ అక్కర్లేదు. రెండో పిడికిలి పూర్తిగా పట్టకుండానే ధ్రువుడు వచ్చేశాడు.

"మీ తెర మీద ధ్రువ నక్షత్రం ఎత్తు ఎంతుందో చూసి చెప్పండి."

"40 డిగ్రీలు దాటి ఉంది."

"ధ్రువుడి ఎత్తు ఎంతో ఆ ఊరి అక్షాంశం అంతే ఉంటుందండీ. కాబట్టి..." కాసేపు మనసులో లెక్క సరిచూసుకున్నట్టు ఆగారు. "మీ లాప్‌టాప్ ఇక్కడ లేదండీ."

డాబా మీద ఎవరికీ ఏమనాలో తెలియలేదు. లాప్‌టాప్ స్టూలు మీదే ఉంది, అందరూ చూస్తున్నారు. మాస్టారు మాత్రం అది సముద్రాలు దాటి ఎక్కడో ఉత్తరాన ఉందనే అంటున్నారు, అగస్త్యుడు ఎప్పటికీ ఉదయించని చోట.

విషయం ఏంటంటే, స్టెల్లేరియం మనమెక్కడున్నామో ఇంటర్నెట్ అడ్రసును బట్టి ఊహించుకోగలదు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే వీపీఎన్ ఆన్ అయి ఉంది. ఇంటర్నెట్ అంతా ఎక్కడో భూగోళం అవతలి వైపు ఉన్న సర్వర్ మీదుగా తిరిగి వస్తోంది. ప్రోగ్రామ్ పాపం మర్యాదగా ఆ సర్వర్ గారి ఆకాశం చూపిస్తోంది. మధ్యాహ్నం మాకు ఎండగా ఉన్నప్పుడు వాళ్లకు అర్ధరాత్రి దాటింది, అందుకే పట్టపగలు స్వాతి. రాత్రి మాకు ఎనిమిదైతే వాళ్లకు పొద్దెక్కింది, అందుకే సూర్యుడు. గడియారం తప్పేమీ లేదు. సాఫ్ట్‌వేర్ తప్పు అసలే లేదు.

సరే, ఎఫ్6 నొక్కితే ఊరు మార్చుకునే కిటికీ వస్తుంది, అర నిమిషం పని. ఆ అర నిమిషం దొరకలేదు. పెద్దవాళ్లు అక్షాంశాల గొడవలో ఉండగా మేనల్లుడు 'ఎల్' మీట కనిపెట్టాడు. ఒక్కో నొక్కుకు కాలం వేగం పెరుగుతూ పోతుంది. వాడు నొక్కుతూనే ఉన్నాడు. ఆకాశం విసనకర్రలా తిరగడం మొదలుపెట్టింది, ముందు రోజులు, తర్వాత ఏళ్లు, తర్వాత నేను చూడటం మానేశాను. బావగారు వాడి చెయ్యి లాగేసి 'కె' నొక్కారు. కె నొక్కితే వేగం మామూలుకు వస్తుంది గానీ, గడిచిపోయిన కాలం వెనక్కి రాదు. దానికి వేరే మీట ఉంది. గాలి ముందే తీసేసి ఉంది కాబట్టి తెర మీద పగలో రాత్రో చటుక్కున తెలిసే దారి కూడా లేదు.

ఆ పరిస్థితిలో ఊరు సరిచేశారు. మా అక్షాంశం, మా రేఖాంశం, అంతా పక్కా. గర్వంగా అందరినీ దగ్గరకు రమ్మని, మళ్లీ కనోపస్ అని వెతికారు. ఎత్తు దగ్గర మళ్లీ మైనస్.

"చెప్పానా! ఊరు మార్చినా లేడు! మాస్టారూ, ఇప్పుడేమంటారు?"

మాస్టారికి మొదటిసారి మాట పడిపోయింది. కళ్లద్దాలు తుడుచుకుని దక్షిణానికి చూశారు, తెరకేసి చూశారు, మళ్లీ దక్షిణానికి చూశారు. నాకైతే ఆయన మీద జాలేసింది. ఇంతలో ఆయన తెరను ఉత్తరానికి తిప్పించి, "మరి ధ్రువస్థానం దగ్గర ఈ అభిజిత్తు ఏం చేస్తోంది?" అన్నారు. అందరం కింద తేదీ చూశాం. 14 వేల పైచిలుకు సంవత్సరం.

భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు చొప్పున బొంగరం తలలా ఊగుతుందని పాఠాల్లో చదివిందే. ఆ ఊపులో 14 వేల ప్రాంతానికి ధ్రువానికి దగ్గరగా ఉండే వెలుగు నక్షత్రం అభిజిత్తు అవుతుంది, అగస్త్యుడేమో దక్షిణ ధ్రువం దగ్గరికి దిగిపోయి మా డాబాకు కనిపించడం మానేస్తాడు. అంటే బావగారు చెప్పింది నిజమే, పన్నెండు వేల ఏళ్లు తొందరపడ్డారంతే. ఆ మాట అందామనుకున్నాను గానీ అక్క నా వైపు చూసింది.

నేను వెళ్లి 8 నొక్కాను. అది ఉన్నపళంగా ఇప్పటి కాలానికి తెచ్చే మీట. అగస్త్యుడు తెర మీద దక్షిణాన, పిన్నిగారు వేలు చూపించిన చోటే ప్రత్యక్షమయ్యాడు. బావగారు తెర చూశారు, తలెత్తి ఆకాశం చూశారు, "ఇదిగో, వచ్చాడు!" అని అందరికీ ప్రకటించారు, అప్పుడే ఆయనే రప్పించినట్టు. అప్పటికి డాబా మీద మిగిలింది మేమూ, మాస్టారూ. పిన్నిగారు మెట్లు దిగుతూ, విమానాల గురించి మంచి మంచి విషయాలు చెప్పావు బాబూ అన్నారు. ఆవిడ నిజంగానే అన్నారో, దెప్పారో ఇప్పటికీ మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

ఇంత జరిగాక మనిషి కొంచెం తగ్గుతాడని అనుకుంటాం. మర్నాడు పొద్దున్నే బావగారు కొత్త విషయం కనిపెట్టారు. సెలెస్టియా అని ఇంకోటుందట, 2001లో వచ్చింది, అదీ ఉచితమే. అందులో నేల మీద నిలబడి చూడక్కర్లేదు, భూమిని వదిలేసి శని వలయాల పక్కకో, వేరే నక్షత్రం దగ్గరికో నేరుగా ఎగిరిపోవచ్చు. "మనం ఏ ఊళ్లో ఉన్నామో దానికి అనవసరం! వీపీఎన్ గొడవే లేదు!" అంటున్నారు, డౌన్‌లోడ్ గీత నిండుతుంటే ఆనందంగా చూస్తూ.

"వెళ్లండి," అంది అక్క, "వెళ్లేముందు డాబా మీద వదిలేసిన ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ కిందికి తెచ్చి పెట్టి వెళ్లండి."